చెరువులో నేను వదిలిన మొక్క

ఒక మాటను కక్కలేక మింగలేక ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఆదివారం ఏసయ్య గుడిలో సాక్ష్యం చెప్పమంటే లేచి, జ్వరం తగ్గిన సంగతి చెప్తాను, కొడుక్కి పని దొరికిన సంగతి చెప్తాను. ఈ మాట మాత్రం నోటికి రాదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్తున్నాను.

మా ఊరి చెరువును కమ్మేసిన గుర్రపుడెక్కను తెచ్చింది నేనే.

మాది తర్లుపాడు దగ్గర ఊరు. ఆ ఏడు మిరపకాయలు కోయడానికి కూలీల ముఠాతో గుంటూరు వైపు వెళ్లాం. చేను పక్క కాలువ నిండా ఊదారంగు పూలు. మా మెట్ట ఊళ్లో ఈస్టరుకు గుడి బల్ల మీద ఎప్పుడూ కాగితం పూలే. ఈసారి అక్కడ నా పూలు ఉండాలి, ఎక్కడివని పాస్టరమ్మ నన్నే అడగాలి. అదీ నా ఆశ. మిగతావాళ్లు చూస్తే తలా ఒకటి పీకుతారని, ఒక్క మొక్కను బకెట్‌లో పెట్టి, పైన గుడ్డ కప్పి ఇంటికి తెచ్చి నీళ్ల తొట్టిలో వేశాను. ఎంత కుళ్లు బుద్ధి!

ఈస్టరు వచ్చింది, అది పూయలేదు. పిలకలు మాత్రం తొట్టి నిండా వేసింది. ఎండలు ముదిరాయి. ట్యాంకరు నీళ్లు దానికి పోస్తున్నానని మా ఆయన విసుక్కున్నాడు. ఆయన ఇప్పుడు లేడు. పారేద్దామంటే చేతులు రాలేదు. పచ్చగా ఉన్నదాన్ని ఎండలో పడేయడం మా వైపు ఎవరికి చేతనవుతుంది? తెల్లవారకముందే తీసుకెళ్లి, చెరువు అడుగున మిగిలిన నీళ్లలో వదిలేశాను. పాపం, బతుకుతుందిలే అనుకున్నాను.

బతికింది. తర్వాతి వానలకు చెరువు సగం మూసుకుపోయింది. వలలు దిగలేదు. బర్రెలు నీళ్లలోకి పోలేదు. బాప్తిస్మాలు కూడా అక్కడ మానేశారు.

చెరువులో చేపలు పట్టుకునే గుత్త ఇశ్రాయేలు అన్న చేతిలో ఉండేది. బయట నుంచి చేపపిల్లలను తెచ్చి వదిలేది ఆయనే కాబట్టి, వాటితోనే ఈ దరిద్రం వచ్చిందని ఊరు తేల్చింది. పెద్దలు గుడి ముందు కూర్చుని గుత్త తీసేసుకున్నారు. తెచ్చినవాడే తీయాలన్నారు. అందరూ చూస్తుండగా ఆయన నా వైపు తిరిగాడు. నేను ఆయనకు వరుసకు చెల్లెల్ని.

"ఏంది చెల్లెమ్మా, నువ్వు కూడా నేనే తెచ్చినానంటావా?"

"నాకేం తెలుసు అన్నా. చేపపిల్లలతో వచ్చిందేమో."

ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. ఎందుకన్నాను ఆ మాట? భయమా? భయమే. కానీ ఆ రోజు నా మనసులో ఇంకొకటి కూడా ఉంది, నింద ఒకరి మీద పడిపోయింది కదా, ఇక నన్నెవరూ అడగరన్న ఊరట. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తర్వాత ఒక ఆఫీసరు వచ్చి చెప్పాడు, ఇది మన దేశపు మొక్కే కాదట. పువ్వు బాగుందని ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయి, ఓడలెక్కి లోకంలో ఎన్నో దేశాలకు పాకిందట. చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుందట. నేను తల వంచుకుని విన్నాను. ఆ చేతుల్లో నావీ ఉన్నాయి.

ఏటా నీళ్లు తగ్గగానే ఇశ్రాయేలు అన్న మొలలోతు దిగి, ఒక్కడే దాన్ని పీకి గట్టుకేస్తాడు. వానలకు అది మళ్లీ వస్తుంది. మొన్న మజ్జిగ తీసుకుపోయి ఇచ్చాను. తాగి, "నువ్వొక్కదానివే నన్ను పలకరించేది చెల్లెమ్మా" అన్నాడు. అప్పుడు కూడా చెప్పలేదు. గ్లాసు తీసుకుని ఇంటికొచ్చేశాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఆయన ముందు నోరు విప్పే రోజు వస్తుందో రాదో కూడా తెలియదు. కానీ అది ఆయన తప్పు కాదని, నేను కాక ఇంకొకరికి ఇవాళ తెలిసింది.