సలోమి గారి ఎత్తు మరుగుదొడ్డి

ఉంగుటూరు అవతల కాలవ పక్క పల్లెలో సలోమి పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేది. పొద్దున్నే కుండ నిండా నీళ్ళు పోసి, మూత మీద గ్లాసు బోర్లించడం ఆవిడ మొదటి పని. 2004 వేసవిలో ఆ కుండే ఆవిడకి చిరాకు తెప్పించింది. రేకుల కింద అంత ఉక్కలో పిల్లలు రోజంతా కుట్టినా, సాయంత్రానికి నీళ్ళు పోసినవి పోసినట్టే ఉండేవి.

ఒకనాడు శాలిని మిషన్ మీదే సొమ్మసిల్లింది. ముఖాన నీళ్ళు చల్లి లేపి, "మంచినీళ్ళు తాగడానికి ఏం వచ్చిందే నీకు?" అని కసిరింది సలోమి.

"తాగితే ఎక్కడికెళ్ళమంటారండీ టీచర్ గారూ? పగలు కాలవగట్టు మీద మగాళ్ళు తిరుగుతుంటారు కదండీ."

సలోమికి సిగ్గేసింది. తనూ చీకటితోనే గట్టుకి వెళ్ళొచ్చే మనిషే, అయినా ఈ సంగతి తట్టలేదు. మర్నాడు శాలిని తల్లి వచ్చి, ఇక పిల్లని పంపనండీ అని మెత్తగా చెప్పి వెళ్ళింది. ఆ వెనకే మరో ఇద్దరు మానేశారు. ఇలాగైతే షెడ్డులో చివరికి తనూ మిషన్లూ మిగలాల్సిందే.

"ఏవండీ, షెడ్డుకి ఆనించి మరుగుదొడ్డి కట్టిద్దామండీ," అంది భర్తతో.

మత్తయి కాలవ లాకులెత్తి నీళ్ళు వదిలే లస్కరు. "కట్టించు. వేసవికని కాలవలకి నీళ్ళు కట్టేశాం కదా, నేల పొడిగా ఉంది. ఎంత లోతైనా తవ్వుకోవచ్చు," అన్నాడు. ఆ ఊళ్ళో తవ్వకాలన్నీ ఆ రోజుల్లోనే చేస్తారు. నూకరాజు మేస్త్రీ లోతుగా గుంట తవ్వి గుండ్రటి సిమెంటు ఒరలు దించాడు. నేల మట్టానికే బేసిన్ పెట్టి గోడలు లేపాడు.

జూన్‌లో ఆ మత్తయే లాకులెత్తాడు. కాలవ నిండింది, పెరట్లో ఊటా పైకొచ్చింది. గుంట నిండి బేసిన్‌లోంచి బుడబుడమని వెనక్కి తన్నింది. జీవితమంతా నీళ్ళు వదిలిన మనిషికి, వదిలిన నీళ్ళు తన పెరట్లోకీ వస్తాయని తోచకపోవడం చూడండి.

"పూడ్చేద్దాం. మన నేలలో ఇవి ఆగవే," అన్నాడతను తల దించుకుని.

"గుంట పూడ్చండి. దొడ్డి మాత్రం ఉంటుందండీ," అంది సలోమి.

ఒరల్ని పైకి తీయించి, గుంటని ఇసకతో నింపించింది. ఊట అందకుండా ఆ ఒరల్ని నేలమీదే నిలబెట్టించి, చుట్టూ మట్టి దిబ్బ పోయించింది. ఛాతీ ఎత్తు అరుగు మీద దొడ్డి, దానికి మెట్లు. చేతులు కడిగిన నీళ్ళు పైపులో అరటిచెట్ల పాదుల్లోకి.

వీధిలో యాకోబు ఆగి చూశాడు. "చర్చి కడుతున్నారేంటండీ సలోమి గారూ? గంట కట్టడమే తరవాయి."

"గంటెందుకండీ, లోపల గొళ్ళెం పెట్టిస్తున్నాను," అని తట్ట ఎత్తుకుందావిడ.

వానలు దంచాయి, కాలవ గట్టు ఒరుసుకుంటూ పారింది, దొడ్డిలో చుక్క వెనక్కి రాలేదు. అప్పుడు సలోమి వెళ్ళి శాలిని తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మెట్లెక్కించింది. ఆ తల్లి లోపల గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. మర్నాటి నుంచి శాలిని వచ్చింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం శాలిని మిషన్ దగ్గర్నించి లేచింది. "టీచర్ గారండీ, కుండలో నీళ్ళయిపోయాయండి."

సలోమికి కళ్ళు చెమర్చాయి. కత్తెర కింద పెట్టి, బిందె తీసుకుని తనే బోరింగు దగ్గరికి నడిచింది.