మేకపిల్ల అనే మాట

నాకు నత్తి ఉంది. అన్ని మాటలకీ రాదు. ప, మ, క అనే అక్షరాలతో మొదలయ్యే మాట వస్తోందంటే చాలు, అది నోటిదాకా రాకముందే గొంతు బిగుసుకుపోతుంది. కాఫీ అని అడగలేక టీ అడిగి అడిగి, చివరికి టీ తాగే మనిషినయ్యాను. గుంటూరులో బస్సెక్కి ప్రత్తిపాడు అనలేక చీరాలకు టికెట్టు తీసుకుని, మధ్యలో ప్రత్తిపాడులో దిగిపోయిన రోజులున్నాయి. కండక్టరు ఎగాదిగా చూసేవాడు. ఉద్యోగం కూడా మాటలతో పని తక్కువున్నదే చూసుకున్నాను. మా ఊరి దగ్గర రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీ ఉంది. రైతులు తెచ్చిన మిర్చి టిక్కీలను, అంటే బస్తాలను, ఏ గదిలో ఏ వరసలో పేర్పించాలో చూడటం నా పని. హమాలీలకు చెయ్యి చూపిస్తే సరిపోతుంది.

ఈ నత్తి మా నాన్నకూ ఉండేది. అందుకని మా అమ్మాయి మాటలు నేర్చుకుంటున్న రోజుల్లో నేను పడ్డ భయం నాకే తెలుసు. పక్క గదిలో ఆడుకుంటూ అది ఒకే మాటను రెండుసార్లు అంటే, నేను అన్నం ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయేవాణ్ణి. దానికి రాలేదు. ఇప్పుడు మూడో తరగతి. గలగలా మాట్లాడుతుంది.

ఈ ఏడు మిర్చి కోతలు మొదలైన కొత్తలో ఒకరోజు పొద్దున దాన్ని బడికి తీసుకెళ్తున్నాను. బడికి ఇవతల కల్వర్టు దగ్గరే బండి ఆపమంది. అక్కణ్ణుంచి నడిచిపోతానంది. మర్నాడూ అంతే. ఎందుకని నేను అడగలేదు. ఏం చెబుతుందోనని భయమేసింది.

సంగతి మా ఆవిడ కనుక్కుంది. ఆమె కల్లాల్లో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. అక్కడ పక్కన కూర్చునే ఆడవాళ్ళ పిల్లలదీ అదే బడి. తరగతిలో ఒక అమ్మాయి ఉందట. బాగా చదువుతుంది, ఎవరి గొంతునైనా అచ్చు దించేస్తుంది. ఒకరోజు నేను గేటు దగ్గర ‘మధ్యాహ్నం వస్తా’ అనబోయి మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోవడం ఆ పిల్ల చూసింది. అప్పట్నుంచి మా అమ్మాయి తరగతిలో అడుగుపెట్టగానే “మ్... మ్... మ్...” అంటుంది. మిగతా పిల్లలు పడీపడీ నవ్వుతారు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల మీద కోపం తెచ్చుకోవడమెలాగో తెలియలేదు, తెచ్చుకోకుండా ఉండటమూ చేతకాలేదు. నన్ను ఎవరైనా అంటే పడటం నాకు అలవాటే. నా మూలంగా మా అమ్మాయి తలదించుకుని ఆ గది లోపలికి వెళ్తోందన్నదే మింగుడుపడలేదు.

మా ఆవిడే వెళ్ళి టీచరుతో చెప్పింది. టీచరు నన్ను ఒకసారి రమ్మని కబురు పెడితే వెళ్ళాను. చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. తాను కోప్పడితే పిల్లలు తన ముందు మానేసి చాటుగా అంటారని చెప్పింది. వాళ్ళ తరగతిలో శనివారాలు తల్లిదండ్రులెవరో ఒకరు వచ్చి పిల్లలకు బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తారట. ఈ శనివారం నన్ను రమ్మంది. తను చదివితే పిల్లలకది ఇంకో పాఠమవుతుందట. లోపలికి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. అట్ట మీద కొండెక్కుతున్న మేకపిల్ల బొమ్మ ఉంది. నాకు బొమ్మ కనిపించలేదు, ఆ మాటలోని మొదటి అక్షరమే కనిపించింది. వద్దండీ అందామనుకున్నాను. ‘వద్దు’ నాకు తేలిగ్గా వచ్చే మాటే. అయినా అనలేకపోయాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ వెళ్ళాల్సిందేనంది. మా అమ్మాయి మాత్రం పుస్తకం వైపు చూసి, నా వైపు చూసింది.

“నువ్వు రావద్దు నాన్నా.”

“ఎందుకని?”

“వద్దంతే.”

అది వద్దంది కాబట్టి వెళ్ళకూడదనే అనుకున్నాను. అయినా రోజూ పనినుంచి రాగానే పెరట్లో కూర్చుని పుస్తకం తీసేవాణ్ణి. కథ చిన్నదే. ఒక మేకపిల్లకు వెనక కాలు ఒకటి పొట్టి. మందతోపాటు నడవలేదు. అది వచ్చేసరికి తక్కినవన్నీ మేసేసి దిగిపోతుంటాయి. నువ్వు మాతో రావద్దంటాయి. ఒకరోజు ఆ మేకపిల్ల రాదు. మంద కొండమలుపు దగ్గర ఆగి వెనక్కి చూస్తుంది. ప్రతి పేజీలోనూ మేకపిల్ల ఉంది. నేను నా జీవితమంతా చేసిన పనే ఇక్కడా చేశాను. మేకపిల్ల అని ఉన్నచోటల్లా ‘చిన్నది’ అని, మిగతా అలాంటి మాటలనూ మార్చి చదివాను. ఎక్కడా ఆగకుండా సాగిపోయింది. పరవాలేదు, గట్టెక్కుతాననిపించింది.

వెనక గుమ్మంలో మా అమ్మాయి నిలబడి వింటోందని నాకు తెలియదు.

“అందులో మేకపిల్ల అనుంది,” అంది. “నువ్వు మార్చేశావు. అందరూ ఆ పుస్తకం చూసినోళ్ళే, వాళ్ళకి తెలిసిపోయిద్ది.”

నేను పుస్తకం మూశాను. అది వచ్చి నా పక్కన కూర్చుంది. పుస్తకం తన ఒళ్ళోకి తీసుకుని పేజీలు తిప్పింది. తర్వాత, రమ్మంటే వస్తావా అని అడిగింది. వస్తానన్నాను. “మార్చకుండా చదువుతానంటేనే రా,” అంది.

శనివారం గదిలో పట్టా మీద పిల్లలంతా కూర్చున్నారు. నాకు కుర్చీ వేశారు. మా అమ్మాయి గోడవారన, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుంది. ముందు వరసలో రెండు జడల పిల్ల నన్నే రెప్పవేయకుండా చూస్తోంది. అనుకరించే పిల్ల అదేనని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. పుస్తకం తెరిచాను. “అనగనగా ఒక” దాకా వచ్చింది. ‘మేకల మంద’ దగ్గర పెదాలు అంటుకుపోయాయి. విడిపోవు. లోపల గాలి ఉంది, మాట ఉంది, తలుపు తెరుచుకోదు. నా కళ్ళు వాటంతటవే మూసుకుపోవడం, మెడ పక్కకు లాగడం నాకు తెలుస్తూనే ఉంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకింది. ముందు వరసలోంచి సన్నగా “మ్...” అని వినిపించింది.

టీచరు లేచింది. నేను కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఆపాను. ఆ ఒక్క మాటా నేనే అనకపోతే ఇక నేను ఆ బడి వైపు రాలేను. మాట బయటపడింది. పేజీ తిప్పాను.

మూడో పేజీకి వచ్చేసరికి నవ్వు తగ్గింది. ఇంకోటి మొదలైంది. నేను ఆగగానే పిల్లలంతా గట్టిగా “మేకపిల్ల” అని అందించసాగారు. సాయం చేస్తున్నామనే అనుకున్నారు పాపం. మా యజమాని కూడా అంతే, నేను నోరు తెరవగానే నా మాటను తనే పూర్తిచేస్తాడు. సగంసార్లు నేను అనబోయింది అది కాదు. నవ్వినా ఓర్చుకున్నాను గానీ దీన్ని ఓర్చుకోలేకపోయాను. పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. నాకు కోపం వచ్చిందని వాళ్ళు భయపడ్డారు.

నాకు మాట రాక కాదని, వస్తుందని, కాస్త ఆలస్యమవుతుందని చెప్పాను. అందించొద్దని, ఆగమని చెప్పాను. ఆ రెండు ముక్కలు చెప్పడానికే బోలెడంతసేపు పట్టింది. కిటికీ దగ్గర కూర్చున్న ఒక చిన్నపిల్ల లేచి నిలబడింది.

“అట్టా ఆగినప్పుడు నొప్పి పుట్టిద్దాండీ?”

నన్ను ఇంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదు. నొప్పి ఉండదని, గొంతు పట్టేసినట్టుంటుందని, ఎవరైనా నవ్వుతారేమోనన్న భయం మాత్రం మాటకంటే ముందే వచ్చేస్తుందని చెప్పాను. ఆ తర్వాత ప్రశ్నలు వరస కట్టాయి. నిద్రలో కూడా ఆగుతుందా? పాట పాడితే? కుక్కని అదిలించేటప్పుడు? పాటలో రాదంటే ఆశ్చర్యపోయారు. చివరికి రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

“మీ అమ్మాయికి కూడా వచ్చిద్దా?”

గోడవారనున్న తల ఒక్కసారి పైకి లేచింది. ఎనిమిదేళ్ళుగా నన్ను నేను అడుక్కుంటున్న ప్రశ్న అది. రాదని గట్టిగా చెప్పొచ్చు. కానీ రాదని చెబితే అది రాకూడని తెగులు అని నేనే ఒప్పుకున్నట్టు. మా అమ్మాయి ముందే ఒప్పుకున్నట్టు.

“ఇప్పటిదాకా రాలేదమ్మా,” అన్నాను. “వస్తే... మ్... మీరు ఆగి వినండి. అంతే.”

ఆ పిల్ల చెయ్యి దించింది. నేను మళ్ళీ పుస్తకం తీశాను. మిగతా పేజీలన్నీ చదివాను. ఒక్క మాటా మార్చలేదు. మాట ఆగినచోటల్లా వాళ్ళూ ఆగారు. ఇద్దరు ముగ్గురు ఆవలించారు, ఒకడు పట్టా పోగులు పీకుతూ కూర్చున్నాడు. వంటగదిలోంచి సాంబారు వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు. కథ అయిపోయాక గొర్రెల కాపరుల పిల్లవాడొకడు, మందంతా అట్టా మలుపులో ఆగితే మేత ఎప్పుడు మేస్తాయి, పొద్దు పోదా అని అడిగాడు. ఒక మలుపులో కాసేపు ఆగితే కొంపేం మునగదని మా అమ్మాయే అంది. గోడ దగ్గర కూర్చునే అంది, కానీ అందరికీ వినపడేలా అంది.

ఆ తర్వాత అన్నీ ఒక్కసారే సర్దుకుపోలేదు. సోమవారం ఎవరో మళ్ళీ “మ్...” అన్నారట, ఎవరూ నవ్వకపోవడంతో ఊరుకున్నారట. రెండు వారాలదాకా మా అమ్మాయి ముభావంగానే ఉంది. ఆ పుస్తకం గురించి ఇంట్లో ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మిర్చి పని చివరికొచ్చిన రోజుల్లో ఒక రైతు ట్రాక్టరు మీద టిక్కీలు తెచ్చాడు. వాటి పైన ముక్కుకి చున్నీ కట్టుకుని రెండు జడల పిల్ల కూర్చునుంది. నన్ను చూసి కిందకు దిగింది. కాస్త బెరుగ్గా, మళ్ళీ ఎప్పుడు చదువుతారని అడిగింది. సెలవులయ్యాక అని చెప్పి, ఏ పుస్తకమో కూడా చెప్పబోయాను. మాట ఆగింది. ఆ రైతు వాళ్ళ నాన్నే, తొందరలో ఉన్నాడు.

“ఇంకా అనుకోలేదంటన్నార్లేవే, పద,” అన్నాడు.

“ఆగు నాన్నా,” అంది ఆ పిల్ల. “ఆయన చెప్తన్నారు.”

మిరప ఘాటుకి కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. పక్కన వాళ్ళ నాన్న కూడా నిలబడ్డాడు. నేను మాట పూర్తిచేశాను.