ఆఖరి గడిలో సంతకం

ఇది నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. నాకు రాత రాదు. నా పేరొక్కటి గీస్తాను, అదీ వంకరగానే. జొహోర్ వైపు రబ్బరు తోటలో పుట్టినదాన్ని. పెళ్ళయి సింగపూర్ వచ్చాను, మొగుడు పోయాక ఇళ్ళలో పనికి కుదిరాను.

బెడోక్‌లో చెక్ దేశపు ముసలి జంట దగ్గర తొమ్మిదేళ్ళు చేశాను. సారు జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరుగా చేసి దిగిపోయినాయన. ఆమెను నేను మేడం అంటాను, ఆమె నన్ను ఆంటీ అంటుంది. మా ఇద్దరిదీ ఒకటే వయసు.

వాళ్ళ దేశంలో ప్రెసిడెంట్ ఎలక్షన్‌కి ఇంకా ఏడాది పైనే ఉంది, అప్పుడే నేనంటే నేనని లేచారు జనం. పార్టీల అండ లేనివాళ్ళు నిలబడాలంటే ముందు యాభై వేలమంది సంతకాలు తేవాలట. ఒక పల్లెటూరి డాక్టరమ్మ నిలబడతానంది. సారుకి ఆవిడంటే గురి. గళ్ళ కాగితం ఒకటి తీసి, ఇక్కడున్న తన దేశంవాళ్ళ చేత సంతకాలు పెట్టించడం మొదలుపెట్టాడు. మనిషికో వరస. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, చివర సంతకం.

"మీరు పెట్టలేదేం సార్?" అన్నాను.

"వడ్డించేవాడు ఆఖర్న తినాలని నువ్వే అన్నావు కదా ఆంటీ!" అన్నాడు. ఆఖరి వరస తనకని పేరూ అడ్రసూ రాసుకుని, సంతకం గడి ఖాళీగా వదిలేశాడు. మిగతావి నిండాయి. తన గడి మిగిలుండగానే గుండె ఆగి పోయాడు.

డాక్టరమ్మ మాట్లాడినప్పుడల్లా అదంతట అదే మోగేట్టు సారు తన ట్యాబ్‌లో పెట్టుకున్నాడట. ఆయన పోయాక కూడా సాయంత్రం నేను బట్టలు మడతేస్తుంటే, మూసి ఉన్న ఆయన గదిలోంచి ఆవిడ గొంతు వచ్చేది. మేడం వెళ్ళి ఆపేది కాదు. తలుపు బయట నిలబడి వినేది. ఒకరోజు, "ఆయన కుర్చీ కిర్రుమంది, విన్నావా?" అంది. నేనేమీ వినలేదు. విన్నానన్నాను. అది నా మొదటి తప్పు.

రెండోది ఇంకా పెద్దది. ఆ కాగితం పట్టుకుని ఆమె రోజూ ఏడ్చేది. "ఈ ఒక్క గడి ఖాళీగా ఎలా పంపను ఆంటీ?" అనేది. మా ఇంట్లో పోయినవాళ్ళు సగంలో వదిలింది ఏదైనా ఉంటే, అన్నంతోపాటు వాళ్ళ ముందు పెడతాం. మా అత్తకి అల్లుతున్న చాప పెట్టాం, మా ఆయనకి సగం కాల్చిన చుట్ట. కంటితో చూసుకుని నిమ్మళంగా పోతారని. అదే చెప్పాను. "కాగితం ఆయన బల్ల మీద పెట్టండి మేడం. కళ్ళద్దాలూ పెన్నూ పెట్టండి. చూసుకుని వెళ్తారు." నా బుర్రలో ఉన్నది కాకి వచ్చి ముట్టడం. సంతకం కాదు.

మర్నాడు పొద్దున నేను చెప్పులు విప్పకముందే మేడం తలుపు తీసింది.

"వచ్చాడు ఆంటీ. పెట్టాడు."

బల్ల మీద కళ్ళద్దాలు తెరిచి ఉన్నాయి. పెన్ను మూత తీసి ఉంది. ఆఖరి గడి నిండింది. నాకు చదువు లేదు గానీ ఆ సంతకం ఎరుగుదును. తొమ్మిదేళ్ళు వచ్చిన ప్రతి పార్సిల్ మీదా చూశాను. పీత నడిచినట్టు మొదలై, చివర తోక పొడుగ్గా లాగుతుంది. 

"చెప్పు, ఆయనదే కదా? నువ్వు ఔనంటే ఇవాళే పోస్టు చేస్తాను."

వాళ్ళ దేశంలో కొన్ని సంతకాలు తీసి పరీక్ష చేస్తారని సారే ఒకసారి చెప్పాడు. చచ్చినవాడి సంతకం బయటపడితే డాక్టరమ్మ పేరుకి మచ్చ. అదీ సారు పేరు మీదుగా. కాదంటే ఈమె గుండె పగులుతుంది.

"ఆయనదే మేడం," అన్నాను. ఆమె మొహం వెలిగింది. "కానీ పంపకూడదు. పోయినవాళ్ళకి పెట్టిన విస్తరి తీసి మేము ఇంకొకరికి వడ్డించం. అది ఆయనకే ఉండాలి."

మేడం కాగితం మీద వరసలన్నీ వేలితో లెక్కపెట్టింది. తర్వాత, "అందరి ఇళ్ళకీ మళ్ళీ తిరగాలి," అంది.

"మీవాళ్ళ ఇళ్ళన్నిట్లో కుక్కలే. నాకు కుక్కలంటే హడలు. అయినా వస్తాను పదండి."

చెయ్యి కడుక్కోమని మేడంని సింకు దగ్గరికి తీసుకెళ్ళాను. బొటనవేలికీ చూపుడువేలికీ నీలం సిరా. నిమ్మచెక్కతో రుద్దాను. అదెక్కడిదని నేను అడగలేదు, ఆమే చెప్పలేదు. పాపం, నిద్రలో లేచి పెట్టుంటుందని సర్దుకున్నాను.

రెండు ఆదివారాలు కొత్త కాగితంతో తిరిగాం. ఒకాయన, "మొన్నే పెట్టాను కదా?" అన్నాడు.

"అది మా ఆయన ఉంచేసుకున్నాడు," అంది మేడం. ఆయన మారుమాట లేకుండా పెట్టాడు.

అందరివీ అయ్యాక, ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని తన వరసలో తనూ పెట్టింది. ఆఖరి వరస అడ్డంగా కొట్టేసి, కవరు అంటించింది. నేను పక్కనే నిలబడి ఆమె చెయ్యే చూస్తున్నాను. ఎడమ చెయ్యి. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే. కత్తయినా గరిటయినా పెన్నయినా ఆమెకి ఎడమచేతి వాటమే.

ఆ పొద్దున నేను నిమ్మచెక్కతో రుద్దింది కుడి చెయ్యి.