లూసీ నవ్విన చోటు

“ఆపేశాను బాబూ. సినిమా తెరమీదకి అక్షరాలు రాగానే చేతులు తీసేశాను. బైబిల్ వాక్యం చదివేటప్పుడు హార్మోనియం పెట్టె వాయించకూడదు కదా మన చర్చిలో! యాభై ఏళ్ళ అలవాటు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వినబడింది, మీ ఆంటీ నవ్వు.”

సుందర్ రాజ్ గారు భార్యకు స్పూనుతో జావ పడుతూ చెబుతున్నారు. పెదవి చివర కారినదాన్ని టవల్‌తో ఒత్తి, మళ్ళీ స్పూను నింపారు. లూసీ గారి చూపు కిటికీ బయట పార్కింగ్ లాట్‌మీద ఉంది. పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. కుడి చెయ్యి లేవదు, మాట రాదు. చదవడం కూడా పోయిందని పరీక్షలు చేసినవాళ్ళు తేల్చారు.

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఈ అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా పైన ఉంటాను నేను. సెలవురోజు పొద్దున ఆయన పిలిస్తే దిగి వస్తాను. కాఫీ ఇస్తారు, కబుర్లు చెబుతారు.

ఆయనది నరసాపురం దగ్గర ఊరు. చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఆవిడ మిషన్ హాస్పిటల్లో నర్సు, ఆయనకంటే జానెడు పొడుగు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చు. మూడో ఆదివారం ఆవిడ అన్నగారు లేచారట.

“‘కారణమేంటి నాయనా?’ అన్నారు పాస్టర్‌గారు. ‘ఎత్తండీ’ అన్నాడు బావగారు. చర్చంతా ఒకటే నవ్వు! ఆడవాళ్ళ వైపు నుంచి ఈవిడ లేచి, ‘వంగేది నేను కదా, నువ్వు కూర్చో అన్నయ్యా’ అంది.”

నర్సు ఉద్యోగంతో ఆవిడ అమెరికా వచ్చింది. ఆయన ఆవిడ వెంట వచ్చారు. ఆవిడ నైట్ డ్యూటీలు చేస్తుంటే ఈయన ఇంట్లో వండి, కూతురు జెమీమాకి జడలు వేసి, ఆదివారాలు తెలుగు చర్చిలో కీబోర్డు వాయించారు. ‘నర్సమ్మ మొగుడు’ అనేవారట వెనకాల. “ఎదురుగానే అనొచ్చు కదా, నేనే పలికేవాణ్ణి” అని నవ్వుతారు.

పోయిన నెల లైబ్రరీలో పాతకాలపు మూకీ సినిమా ఒకటి వేశారు. నూరేళ్ళనాటిది. పక్కన కూర్చుని ఎవరైనా సంగీతం వాయించాలి. వాయించే ఆయనకు జ్వరం వస్తే, ఎవరో ఈయన పేరు చెప్పారు; ఆవిణ్ణీ వెంట తీసుకెళ్ళారు. జడ్జిగారి పొడుగాటి కూతురు, పియానోలు బాగుచేసే పొట్టివాడిని పెళ్ళాడే కథ. వాళ్ళెందుకు పెళ్ళాడారో ఉన్న మొదటి రీలు పాడైపోయిందట. మిగిలిందంతా తగాదాలూ పరుగులే. అలిగిన భార్య ట్రంకుపెట్టె సర్ది పుట్టింటికి పంపితే, పెట్టెలో మొగుడు నిద్రపోతూ దిగుతాడు. ‘మొగుణ్ణి వాపసు పంపితే రవాణా ఖర్చు ఎవరిది?’ అని తెరమీద అక్షరాలు.

“అక్కడ నవ్వింది బాబూ. అలా మూడుసార్లు నవ్వింది. మూడుసార్లూ అక్షరాలు వచ్చినప్పుడే.”

“మీరు చూశారా అంకుల్?”

“ఎలా చూస్తాను? నా ముఖం తెరవైపు, ఆవిడ నా వెనకాల. తల ఎత్తితే వేళ్ళు తప్పుతాయి. తెర నల్లబడి నా చేతులమీద వెలుతురు తగ్గితే అక్షరాలొచ్చాయని తెలుస్తుంది, అంతే. వెనక్కి తిరిగేలోపు బొమ్మ మళ్ళీ పరుగెడుతుంది.”

ఆ నవ్వుని నేను నమ్మలేకపోయాను. ఎందుకో ఆయనకు తెలుసు.

జూలైలో ఆవిడను బాత్రూంలో లేపబోయి ఇద్దరూ పడిపోయారు. ముప్పావుగంట నేలమీదే ఉన్నారు. ఆయన తుంటి కదలలేదు. ఆ ముప్పావుగంటా ఆవిడ నవ్వుతూనే ఉంది. పైన నేను ఆ నవ్వు విన్నాను. కింద ఏదో కామెడీ చూస్తున్నారనుకుని, లాప్‌టాప్‌లో పని చేసుకుంటూ కూర్చున్నాను. ఆయన గోడను కొట్టినప్పుడు గానీ దిగలేదు. ఆవిడ అన్నగారు పోయిన కబురు వచ్చినరోజు కూడా ఆవిడ అలాగే నవ్విందట. ఈ జబ్బులో నవ్వూ ఏడుపూ వాటంతటవే వస్తాయి, మనసుతో పని లేదు అని డాక్టరు చెప్పాడు.

అప్పటినుంచి జెమీమా నర్సింగ్ హోమ్‌లు చూస్తోంది. ఒకచోట మంచం ఖాళీ అయింది. సోమవారం సంతకాలు. తండ్రి ఒప్పుకోవాలి.

“పొద్దున ఫోన్ చేసింది. ‘డాడీ, మమ్మీకి మీరెవరో కూడా తెలియట్లేదు. యాక్సెప్ట్ చెయ్యండి. హాల్లో అందరూ నవ్వి ఉంటారు, తనూ నవ్వింది. దట్సాల్’ అంది. దానిమీద కోపం లేదు బాబూ. నా నడుం సంగతి నాకంటే దానికే బాగా తెలుసు.” స్పూను గిన్నెలో పెట్టారు. “తెలియకపోతే పంపించేస్తాను. తెలియని మనిషికి ఇక్కడైనా అక్కడైనా ఒకటే, అక్కడ కింద పడెయ్యరు. కానీ చదివి నవ్విందనుకో, లోపల ఉందన్నమాటే. ఉన్నదాన్ని తీసుకెళ్ళి అక్కడ ఎలా వదిలి రానూ?”

లూసీ గారు చిన్నగా నవ్వారు.

ఆయన గబుక్కున ఆవిడ ముఖంలోకి చూశారు. నేనూ చూశాను. కళ్ళు కిటికీమీదే ఉన్నాయి. బయట ఎవరో కారులోకి సామాను సర్దుకుంటున్నారు. ఆ నవ్వు కాసేపు సాగి, దానంతటదే ఆగిపోయింది. ఆయన టవల్ తీసుకుని ఆవిడ గడ్డం మళ్ళీ తుడిచారు, అక్కడ తుడవడానికి ఏమీ లేకపోయినా.

“ఇదిగో, ఇదీ మా గొడవ” అన్నారు.

గిన్నె అడుగున మిగిలిన జావ ఆవిడకు పట్టారు.

“ఈ శనివారం మళ్ళీ వేస్తున్నారు అదే సినిమా. ఆ జ్వరం ఆయనకి ఇంకా తగ్గలేదట. ఈసారి అక్షరాలొచ్చినా ఆపకుండా వాయించమంది లైబ్రరీ ఆవిడ. పోయినసారి మిషను చెడిందనుకున్నారట జనం! ఆపకపోతే నాకు వినబడదు. పోయినసారి కూడా, నేను వాయిస్తున్నంతసేపూ నవ్విందేమో, నాకేం తెలుసు?”

ఖాళీ గిన్నె పట్టుకుని లేవబోయి, నడుం పట్టేసి కూర్చుండిపోయారు. సాయం పట్టబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

“నువ్వు ఏవో రాసుకుంటావు కదా, ఒక కాగితం తెచ్చుకో. రెండింటికి షో. ముందుగానే వచ్చి తెరకి వీపు పెట్టి, మీ ఆంటీకి ఎదురుగా కుర్చీ వేసుకో. సినిమా చూడొద్దు. ఆవిడ కళ్ళే చూడు. అక్షరాల మీద కదులుతున్నాయా? జనం నవ్వకముందే నవ్విందా, నవ్వాక నవ్విందా? ప్రతిసారీ రాయి. నామీద జాలిపడి ఒక్కటీ ఎక్కువ రాయకు. ఆ కాగితం అమ్మాయికి ఇవ్వొద్దు, నా చేతికే ఇయ్యి. ఇక వెళ్ళు, ఈవిణ్ణి పడుకోబెట్టాలి.”