తిన్న అన్నం చూపించమన్న జగన్నాధం గారు

మా రెవిన్యూ ఇన్‌స్పెక్టరు జగన్నాధం గారికి ఒకటే జబ్బు. తన కంటితో చూడనిదేదీ ఆయన నమ్మరు, నమ్మినా రాయరు. విజయనగరంలో కూతురికి మగపిల్లాడు పుట్టాడని టెలిగ్రాం వస్తే జేబులో పెట్టుకుని తిరిగారు తప్ప ఎవరితోనూ అనలేదు. సెలవు దొరికాక వెళ్లి, పిల్లాణ్ణి చూసొచ్చి, అప్పుడు కచేరిలో మిఠాయి పంచారు. అప్పటికి ఆ పిల్లాడు బోర్లా పడుతున్నాడు.

అలాంటి మనిషి చేతిలో చిక్కుకుంది మా పేట బియ్యం డబ్బు.

అరవై ఎనిమిదిలో గాలివాన కొట్టినప్పుడు, నౌపడ దగ్గర సముద్రం ఒడ్డునున్న మా చేపల పేట జనమంతా మూడు రోజులు బడిలో తలదాచుకున్నారు. కొట్టు సూరయ్య తన తొమ్మిది బస్తాల బియ్యమూ తెచ్చి వండించేశాడు. గాలి తగ్గాక సర్కారువారు ఓ చల్లని మాట చెప్పారు. ఆపదలో ఊళ్లు చేతి నుంచి పెట్టిన ఖర్చు వారంలో ఇచ్చేస్తారట. ఇన్‌స్పెక్టరు సంతకంతో జాబితా శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా తాలూకా కచేరిలో పడాలట. దాటితే మామూలు దారి. మామూలు దారంటే మళ్లీ గాలివాన వచ్చేదాకా. ఆ డబ్బు రాకపోతే మిల్లువారు సూరయ్యకి మరో బస్తా ఇవ్వరు. సూరయ్య కొట్టు మూస్తే పేటకి గింజ లేదు.

నేను అప్పుడు పంచాయతీ గుమస్తాని. జాబితా రాసిపెట్టుకుని ఎదురుచూస్తుంటే, శుక్రవారం పొద్దున్న జగన్నాధం గారు సైకిలు దిగారు.

"నూకయ్యా, తొమ్మిది బస్తాల అన్నం ఏదీ? చూపించు."

"తినేశారండీ" అన్నాను.

"నువ్వంటున్నావు. నేను చూడలేదు."

"కడుపుల్లోకి ఎల్లిపోనాది బావూ, ఎలాగ సూపిత్తాం?" అన్నాడు సూరయ్య, నెత్తిన చెయ్యి పెట్టుకుని.

"అయితే తిన్నవాళ్లని చూపించండి."

పేట మొత్తం బడి వరండాలో వరస కట్టింది. ఒక్కొక్కరినీ ఏ పూట తిన్నారు, ఎంత తిన్నారు, ఎందులో కలుపుకున్నారు అని అడగడం మొదలెట్టారు. నా చూపు గోడ గడియారం మీదే.

"ఎన్నిసార్లు తిన్నావమ్మా?" అనడిగారు కూర్మమ్మని.

"నాలుగు."

"మూడు రోజుల్లో నాలుగేనా?"

"ఓ పూట సూరయ్య మావ ముద్ద సిన్నదేసినాడు. అది నెక్కెయ్యను."

"ఒసే, గిన్నె ఖాళీ సేసి నాకీసినావు కదే!" అని సూరయ్య లేచాడు. ఆ ముద్ద తగవు తీరేసరికి రెండయింది. ఆయన అదీ శ్రద్ధగా విన్నారు.

మూడున్నరకి కలం తీశారు. హమ్మయ్య అనుకున్నాను. మళ్లీ మూత పెట్టేశారు.

"మూడు రోజులూ వాన. కట్టెలన్నీ తడిసిపోయుంటాయి. మరి అన్నం దేంతో ఉడికింది?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఆ సంగతి కాగితంలో ఎక్కడా అడగలేదండీ!"

"అడక్కపోతే ఉడికిపోతుందా?"

అందరి తలలూ వెనక నిలబడ్డ అసిరమ్మ వైపు తిరిగాయి. మొగుడు సముద్రంలో పోయాక ఒంటరిగా ఉంటోంది.

"సెప్పొద్దన్నాను కదేటి మీకు!" అని కసిరింది వాళ్లని. "ఏటుంది బావూ, సెక్క. కాలిపోనాది."

"చూడాలి."

చూశాం. ఆవిడ ఇంటికి గుమ్మం ఉంది, తలుపుల్లేవు, తాటాకు చాప వేలాడుతోంది. ఆయన బడి వెనక పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, బూడిద కెలికి, కాలగా మిగిలిన టేకు ముక్కా, నాలుగు ఇనప బందులూ తీశారు. బందులు తెచ్చి గుమ్మానికి ఆనించి చూశారు. సరిగ్గా సరిపోయాయి.

"ఇళ్లు పాడైనవాళ్ల జాబితాలో నీ పేరు లేదేం?"

"గాలి పట్టుకెల్లినేదు కదా. నానే గొడ్డలెట్టి ఇరగ్గొట్టినాను. అపద్దం సెప్పమంటావేటి?"

ఆయన మళ్లీ కలం తీసి, జాబితా అడుగున రాశారు: 'వంటకు కాల్చిన ఎండు టేకు కర్ర, రెండు రెక్కలు. నేను చూశాను.' సంతకం పెట్టారు.

"ఎక్కు, నూకయ్యా!" అని నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తొక్కారు చూడండి, అయిదుకి అయిదు నిమిషాలుండగా కచేరిలో పడ్డాం. తాసీల్దారు గారి బల్ల మీద విచారణకని తిప్పికొడుతున్న జాబితాలు కట్టలుగా ఉన్నాయి. మాది తీశారు. చివరి ముక్క చదివారు.

"జగన్నాధం చూశాడా? అయితే ఇంక నేను చూడక్కర్లేదు" అని సంతకం గీకేశారు.

వారం తిరక్కుండా సూరయ్యకీ డబ్బొచ్చింది, అసిరమ్మకీ వచ్చింది. కొత్త తలుపులు పెట్టించి, ఆవిడ ఆయన్ని భోజనానికి పిలిచింది. వడ్డిస్తూ నిలదీసింది.

"బావూ, మా అత్త సేయించిన తలుపుల్ని కట్టిలని రాసినావంట?"

"తలుపులని రాస్తే ఏడాది పడుతుందమ్మా. కట్టెలంటే వారం."

"అలాగైతే ఆ గుమ్మం కూడా రాసీలేకపోనావేటి! సెద పట్టీసినాది."

"గుమ్మం కాలలేదమ్మా," అన్నారు జగన్నాధం గారు, ఎండుచేపల పులుసు కలుపుకుంటూ. "నేను చూశాను."