ఉప్పునీళ్లన్నీ సముద్రం కావు

సముద్రపు నాచు ఉప్పునీళ్లు ఉన్న ఏ చోటనైనా పెరుగుతుందని ఒక పుస్తకంలో అచ్చు వేసినారు. అది అబద్ధం. ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి మా చెల్లెలు తన చేనికుంటలోని వాననీళ్లలో ఉప్పు పోయడానికి సిద్ధపడింది.

మాది తనకల్లు పక్క. పోయినేడు మంచి వాన ఒక్కటే పడింది, దానికే కుంట నిండింది. ఎండాకాలమంతా ఆమె చీనీ చెట్లు, అదే బత్తాయి, బతకాల్సింది ఆ నీళ్ల మీదే. బోరు ఉంది గానీ నోట పెట్టుకోలేనంత ఉప్పు. ఆ నీళ్లు కట్టిన చెట్లన్నిటికీ ఆకుల అంచులు మాడిపోయినాయి. అట్లాంటప్పుడు రైతుల మీటింగులో పంచిన చిన్న పుస్తకం ఆమె చేతికొచ్చింది. నాచు ఎరువుకు పనికొస్తుందంట, ఉప్పునీళ్లుంటే చాలంట. ఇన్నేళ్లూ తిట్టుకున్న బోరే ఇప్పుడు అక్కరకొచ్చిందని ఆమెకు సంబరం. బోరు నీళ్లు కుంటలోకి మళ్లించి, తక్కువపడే ఉప్పును మూటలు తెచ్చి కలిపితే అదే సముద్రమనుకుంది. ఆమెను అనేదానికీ లేదు. ఈ పక్క మాకు ఉప్పు తెలుసు, అల తెలీదు.

నేను మాత్రం సముద్రాన్ని చూసినాను. వయసులో ఉన్నప్పుడు శెనక్కాయల లారీ మీద విశాఖపట్నం దాకా పోయి, సరుకు దిగేలోపల ఒడ్డుకు నడిచినాను. ఇసుకలో నాచు పోచ కూడా లేదు. బండలున్న చోటే ఉంది. పీకి చూస్తే వేరు లేదు. బల్లి గోడను పట్టుకున్నట్టు బండను పట్టుకుని ఉంది. అల వస్తే పండుకుంటుంది, పోతే లేస్తుంది. దాని తిండి కూడా ఆ కదిలే నీళ్లలోంచే. మిగతాది తర్వాత చదివి తెలుసుకున్నాను. నీళ్లు తేటగా ఉండి ఎండ లోపలికి దిగాల. ఏరు వచ్చి కలిసే చోట బురద వెలుతురును మూసేస్తుంది, ఉప్పూ తగ్గిపోతుంది. చెరువుల్లో పెంచే రకాలు కూడా ఉండాయి గానీ, వాటికీ సముద్రం నీళ్లు వచ్చిపోతా ఉండాల.

ఇదంతా చెప్తే చెల్లెలు, "సముద్రాన్ని ఎన్నితూర్లు చూసినావన్నా?" అనింది.

"ఒకతూరి."

"ఒకతూరికే ఇంత మాట్లాడతాండావు. రెండుతూర్లు చూసింటే మమ్మల్ని బతకనిచ్చేటోనివి కాదు. నీది నోటిమాట. ఇది అచ్చులో ఉండాది."

అక్కడే నాకు మండింది. నేను బడికి పోలేదు. అంగట్లో బెల్లం చుట్టిచ్చిన కాగితాలు విప్పి చదువు నేర్చుకున్నోణ్ణి. జిగటకు సగం మాట చెరిగిపోయినా మిగతా సగాన్ని నమ్మినాను. పనికిమాలిన కాగితాలని నాయన తిట్టినా పారేయలేదు. అచ్చులో ఉండేది నిజమని ఈమెకు చిన్నప్పుడు నేర్పించింది కూడా నేనే.

ఉగాది దాకా ఆగమని బతిమాలినాను. ఒప్పుకుంది, కానీ ఉప్పు మూటలు మాత్రం కుంట గట్టున దించి పెట్టించింది. పుస్తకం వేసినోళ్లకు ఉత్తరం రాసినాను. జవాబు లేదు. రెండోదాంట్లో బండ సంగతి, బల్లి సంగతి అంతా వివరంగా రాసినాను. దానికీ లేదు. మూడోది కోపంగానే రాసినాను. మీకది ఒక వాక్యం, మాకు ఒక కుంట నీళ్లు అని. పోస్టుమ్యాను నన్ను చూస్తానే బండి ఆపకుండా తల అడ్డంగా ఊపి పోయేవాడు. నేను గట్టున మూటల పక్కన కూచోనుండేవాణ్ణి, ఎవురూ విప్పకుండా.

ఉగాదికి నాలుగు దినాల ముందు బండి ఆపినాడు. చెల్లెలి ముందరే కవరు చించి, ఆమెకు వినపడేట్టు చదివినాను:

"అయ్యా, మీ మూడు ఉత్తరాలూ చదివాను. తప్పు నాదే. ఆ వాక్యం రాసిన నేను ఎండిన నాచునే చూశాను, బండ మీద ఉన్నదాన్ని ఎన్నడూ చూడలేదు. మీ చెల్లెలుగారి కుంటలో దయచేసి ఉప్పు వేయనివ్వకండి. ఆ నీళ్లు చీనీ చెట్లకే కట్టమనండి. ఇంకా పంచని పుస్తకాల్లో ఆ వాక్యం మీద చీటీ అతికిస్తున్నాం. చీటీలో ఏముండాలో మీ మాటల్లోనే రాసి పంపగలరా? బల్లి మాట మాత్రం తీసేయకండి."