కిటికీ సందులో కందికట్టె

నా చిన్నప్పుడు, మంచి శుక్రవారం నాడు, పొద్దున పదకొండు గంటలకు మా పెద్దమ్మ నన్ను పట్టుపురుగుల షెడ్డులో ఉంచి, బయట తాళం వేసుకుని చర్చికి పోయింది. గంట నాకు ఎట్లా తెలుసంటే, పుంగనూరు బస్సు మా చేని పక్కన ఆగేది పదకొండుకే. తాళం పడిన చప్పుడూ బస్సు హారనూ ఒకదాని వెనుక ఒకటి విన్నాను. తొంభైల నాటి మాట. ఏ సంవత్సరమో కచ్చితంగా చెప్పలేను. రాసిపెట్టుకోవడానికి అప్పుడు మా ఇంట్లో ఎవరికీ రాయడం రాదు.

పెద్దమ్మ తాళం వేసింది కోపంతో కాదు. పట్టుపురుగులు పెంచిన ఇంటివాళ్లకు ఈ సంగతి తెలుసు, తెలియనివాళ్లకు చెప్తాను. ఆ పురుగు నాలుగుసార్లు మేత మానేసి, తల ఎత్తుకుని నిద్రపోయి కుబుసం విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం దాటాక వారం రోజులు రాత్రీ పగలూ తింటుంది. షెడ్డులో కూర్చుంటే ఆకు మీద వాన పడుతున్నట్టే ఉంటుంది. ఆ వారం బయటి మనిషి లోపలికి రాకూడదు. మొగానికి పౌడరు, తలలో మల్లెలు, నోట్లో బీడీ, ఏ వాసనా దానికి పడదు. ముందటి పంటప్పుడు బంధువులెవరో అత్తరు పూసుకుని వచ్చి తొంగిచూసి పోయారు, తెల్లారేసరికి తట్టల నిండా పురుగు వాలిపోయింది. అప్పటినుంచి పెద్దమ్మ తాళం నమ్మింది. నేను ఎటూ పోకుండా ఉంటానని కూడా నమ్మింది.

మా అమ్మ నన్ను కన్న కొన్నాళ్లకే పోయింది. పెద్దమ్మే పెంచింది. బడికి పంపలేదు. ఆకు కోసే చేతులు ఇంట్లో రెండు జతలే, ఒక జత నావి. కానీ ఆ పంట మొదలుపెట్టినప్పుడు చర్చి అయ్యగారి ముందర ఒక మాట ఇచ్చింది. పంట బాగా వస్తే జూన్‌లో నన్ను మదనపల్లెలో హాస్టలుకు పంపుతానని. ఆ మాట పట్టుకుని నెలరోజులుగా ఆకు కోస్తున్నాను. తట్టలో ప్రతి పురుగూ నాకు ఒక అక్షరం లాగే కనిపించేది.

పురుగు పండేది శనివారం సాయంత్రానికి అని పెద్దమ్మ లెక్క. పండడమంటే గూడు కట్టుకోవడానికి తయారవడం. అప్పుడు దాన్ని ఏరి చంద్రికల మీద వదలాలి. చంద్రిక అంటే వెదురు బద్దను చుట్లు చుట్లుగా తిప్పి కుట్టిన, తలుపంత పెద్ద తడిక. ఆలస్యం చేస్తే పురుగు కింద పెంటలోనే గూడు అల్లుకుంటుంది. ఆ గూటికి మరక పడుతుంది, దారం సరిగా రాదు, సంతలో దాన్ని ముట్టుకోరు.

ఆ రోజు ఎండ ఎట్లాంటిదంటే, రేకుల కింద నా తల మీదే పొయ్యి పెట్టినట్టు ఉండింది. వేడికి పురుగు తొందరపడింది. మధ్యాహ్నం ఆకు వేద్దామని పోతే తినడం లేదు. వాన చప్పుడు ఆగిపోయింది. ఒళ్లు కుదించుకుని, పండిన ద్రాక్షలాగా లోపలి వెలుగు కనిపిస్తూ, తలలెత్తి అటూ ఇటూ ఆడిస్తున్నాయి. చంద్రికలేమో బయట గోడకు ఆనించి ఉన్నాయి. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉన్నాయి. కమ్మీల మధ్య నా చెయ్యి పడుతుంది, చంద్రిక పట్టదు.

తలుపు గుంజాను, తన్నాను. ఆదివారం బడిలో అయ్యగారు చెరసాల తలుపులు వాటంతటవే తెరుచుకున్న కథ చెప్పి ఉన్నారు. అది గుర్తొచ్చి గడప ముందు మోకాళ్లూని కళ్లు మూసుకున్నాను. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. కళ్లు తెరిచినప్పుడల్లా తలుపు మూసే ఉండేది. మళ్లీ మూసుకునేదాన్ని.

మా అవ్వ, అంటే పెద్దమ్మను కన్న తల్లి, పక్కన ఇంటి అరుగు మీద ఉండింది. కళ్లు సగం కనిపించవు, మోకాళ్లు పట్టేసినాయి, బస్సెక్కలేదు. ఉపవాసం మాత్రం ఉండింది. తలుపు చప్పుడు విని గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"యాల పాపా తలుపు తంతాండావు?"

"పురుగు పండిపోతాండాది అవ్వా."

"యాడ, ఒకటి నా చేతికియ్యి."

కిటికీకి ఈగలు రాకుండా వల కొట్టి ఉండేది. దాని మూల చించమంది. చించి, ఒక పురుగును ఆమె అరచేతిలో పెట్టాను. వేలితో నిమిరింది. "మెత్తగుండాది. పండింది," అంది. నేను ఏడుపు మొదలుపెట్టి మళ్లీ గడప దగ్గరికి పోయి మోకాళ్లూనాను.

"ఏం చేస్తాండావు ఆడ?"

"తలుపు తెరుచుకోవల్లని ప్రార్థన చేస్తాండా."

"చేయి. తెరుచుకుంటే సంతోషమే. అంతదాంకా చేతులు ఖాళీగా యాల పెట్టుకున్యావు? ఆయనకేమన్నా నీ చేతులతో పనుండాదా? ఈడికి రా."

అవ్వ కాలంలో మా పక్క చంద్రికలు లేవు. ఎండు కంప తెచ్చి తట్టల్లో నిలబెట్టేవాళ్లు, పండిన పురుగు దానంతట అదే ఎక్కి కొమ్మల సందుల్లో గూడు కట్టుకునేది. నాకది తెలియదు. ఆ రోజు అవ్వ గోడ పక్కన వామిగా పేర్చిన ఎండు కందికట్టెను తడుముకుంటూ లాగి, విరిచి, కమ్మీల సందులోంచి లోపలికి తోసింది. ఒక్కో పుల్ల. నేను తీసుకుని తట్టలో గుచ్చేదాన్ని. కందికట్టె చేయి అందినంత అయిపోయాక ఎండిన వేపరెమ్మలు ఇచ్చింది. అవి చాలక ఇల్లు ఊడ్చే చీపురు కట్ట విప్పి ఇచ్చింది. కూర్చుని జరుగుతూ వామి దాకా పోవడం, కూర్చుని జరుగుతూ కిటికీ దాకా రావడం. ఎండ నెత్తి మీద, గోడకు నీడ లేదు.

నడుమ సైకిలు బెల్లు వినిపించింది. రిబ్బన్లు, దువ్వెనలు, గాజులు అమ్మే సాయిబు. మా పల్లెలన్నీ తిరిగేవాడు.

"సాయిబూ, ఆ బీగం పగలగొట్టప్పా. పాప లోపలుండాది," అంది అవ్వ.

"అరే అవ్వా, నీ కూతురు లేనప్పుడు బీగం పగలగొడితే రేపు నన్ను ఈ పక్క రానిస్తారా? దొంగ సాయిబు అంటారు. చర్చి నాకు తెలుసు. బీగంచెవి నేనే తెస్తా."

అని సైకిలు తిప్పి పుంగనూరు దారి పట్టాడు. నాకు పోయిన ప్రాణం వచ్చింది. ఇంక ఎంతసేపు, ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడు అనుకుంటూ పుల్లలు గుచ్చాను. రాలేదు. పై తట్టలు నాకు అందవు. బిందె బోర్లించి ఎక్కితే రెండో వరస దాకా అందింది. దాని పైన పురుగులు తలలు ఆడించి ఆడించి, ఏమీ దొరక్క పెంటలోకే దిగిపోవడం కిందనుంచి చూస్తూ నిలబడ్డాను. అంత ఊపిరాడనితనం నాకు మళ్లీ చాలా ఏండ్లకు గానీ రాలేదు.

అవ్వ గొంతు ఎండిపోయి మాట రావడం లేదు. లోపల కుండలో నీళ్లున్నాయి. దోసిట్లో తెచ్చి కమ్మీల సందున పట్టాను. ఉపవాసం కదా, వద్దంటుందనుకున్నాను. తాగింది.

"ఈ పూట సిలువ మీద ఆయన దాహమంటే పుల్లటి చిరక ఇచ్చినారంట. నాకు నా మనవరాలు మంచినీళ్లిస్తాండాది. వద్దంటే పాపం," అని ఇంకో దోసిలి అడిగింది.

మూడు దాటాక ఎప్పటికో సైకిలు వచ్చింది. వెనుక క్యారియరు మీద మా పెద్దమ్మ, కొంగు చివర ముడిలో తాళంచెవి. తలుపు తెరవగానే ఆమె చూసింది పురుగును కాదు, కిటికీని.

"వల చించినావా?"

"నేనే చించమన్యా," అంది అవ్వ. "తట్టలు సూడు ముందు."

తట్టల్లో చిన్న అడవి మొలిచినట్టు కంప, కంప నిండా పురుగు, అక్కడక్కడ తెల్లగా మొదలైన గూళ్లు. పెద్దమ్మ పరుగున పోయి చంద్రికలు మోసుకొచ్చింది. నేను సాయిబును అడిగాను, ఇంతసేపు ఏం చేశావని. ఆ మనిషి తల గోక్కున్నాడు.

"ఏం చేసేది పాపా? నేను పోయేసరికి అందురూ కండ్లు మూసుకోనుండారు. ప్రార్థనలో ఉండే మనిషిని నడుమ ఎట్ల పిలిచేది? మా దాంట్లో పిలవకూడదు. అయిపోయేదాంకా వాకిట్లో నిలబడుంటి."

అవ్వ గీరుకుపోయిన చేతులు చూసుకుని పకపకా నవ్వింది. "నీ మర్యాద సల్లగుండ సాయిబూ. మేము ఈడ చస్తా బతుకుతా ఉంటే నువ్వు మా దేవునికి కావలుండినావా?"

నవ్వని మనిషి ఆ రోజు నేనొక్కదాన్నే.

ఇప్పుడు అసలు మాట చెప్తాను. సగం గూళ్లు దక్కాయి. సగం పోయాయి. సగం గూళ్లు తిండికి సరిపోతాయి, హాస్టలుకు సరిపోవు. పెద్దమ్మ వచ్చే పంటకు చూద్దామంది. వచ్చే పంటకు రోగం తగిలింది. జూన్‌లో మా పక్క పల్లె పిల్లలు రేకుపెట్టెలు ఎత్తుకుని మదనపల్లె బస్సెక్కుతుంటే నేను చేన్లో ఆకు కోస్తూ చూశాను. అది దేవుని చిత్తమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. దాన్ని చిత్తమని ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ చేతకాలేదు, ఆయనకూ ఈ మాట చెప్పే ఉన్నాను.

తరువాత నన్ను కుప్పం దగ్గర ఇచ్చారు. పెళ్లయిన కొన్నేళ్లకు మా ఆయన రాళ్ల క్వారీలో పడ్డాడు. నడుము కింద చచ్చుబడింది. రెండువేల సంవత్సరం దాటాక ఏళ్లకేళ్లు నాకు ఒకే గది, ఒకే మంచం. ఆయన్ను వదిలి వీధి చివరకు కూడా పోలేను. ఆ గదిలో నాకు ఆ షెడ్డు వాసన వచ్చేది. లేపు తండ్రీ, తలుపు తెరువు తండ్రీ అని ఏడ్చాను. ఒకరోజు అట్లాగే ఏడుస్తుంటే, ఖాళీగా ఉన్న నా చేతులు నాకే కనిపించాయి. పక్కింటి అమ్మాయి బడి నుంచి వచ్చి మా గడప మీద కూర్చుని చదువుకునేది. ఆ సాయంత్రం దాన్ని పిలిచి, అ ఆ లు పెట్టమన్నాను. ముప్ఫై దాటిన మనిషి పలకా బలపం పట్టడం చూసి మా ఆయన మంచం మీదనుంచి నవ్వాడు. తరువాత ఆయనకు బైబిల్లో వాక్యం చదివి వినిపించింది నేనే. తప్పులు ఆయన దిద్దేవాడు.

ఇప్పుడు మా సంఘంలో స్త్రీలకు నన్ను పెద్దగా పెట్టుకున్నారు. సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా, చివరికి తలుపు తెరుచుకుంది అని నేను ముగిస్తే బాగుండునని వాళ్లకు ఉంటుంది. నేను చెప్పను. మా ఆయన లేవలేదు, మంచంలోనే పోయాడు. తలుపు కోసం నేను ఇప్పటికీ మోకాళ్లూనుతాను, మానలేదు. మొక్కుకుంటూనే కిటికీ వైపు చూస్తాను, అవతల ఎవరైనా పుల్ల పట్టుకుని నిలబడి ఉన్నారేమోనని. ఇరుక్కుపోయిన మనిషి ఎదురైతే, తాళం నా దగ్గర లేదని ఇంటికి పోను. సందులో పట్టేది ఏముందో వెతుకుతాను. ఆ రోజునుంచి నాకు మిగిలింది ఇంతే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: లోపల నేను. కిటికీ అవతల మా అవ్వ. చర్చి వాకిట్లో ఎండలో రిబ్బన్ల సాయిబు. చర్చి లోపల కళ్లు మూసుకుని, నా హాస్టలు కోసమే ప్రార్థన చేస్తూ మా పెద్దమ్మ.